గుంత తడిస్తే కూత పెట్టే చిప్

తుపాను హెచ్చరిక టీవీ తెర కింద తిరగడం మొదలైతే చాలు, వేటపాలెం నేత ఇళ్లలో ముందు మగ్గం గుంతలోకి తొంగి చూస్తారు. ఇక్కడివి ఎక్కువగా గుంత మగ్గాలు. నేతగాడు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి తొక్కుడు కర్రలు తొక్కుతుంటే పైన పడుగు విచ్చుకుంటుంది, నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. సముద్రం ఎంతో దూరం లేదు. వానలు పట్టుకుంటే భూమిలో నీళ్లు పైకొస్తాయి. కప్పు కారకపోయినా, గడప దాటి వరద లోపలికి రాకపోయినా, గుంత అడుగు నుంచే చెమ్మ ఊరుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజుల్లో మగ్గం ఆగితే మళ్లీ ఆడేది గుంత ఆరాకే. ఆగినన్నాళ్లూ కూలి లేదు.

ఈ ఊరు ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ప్రకాశంలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. గుంతలో నీళ్ల బాధ మాత్రం మూడు జిల్లాల్లోనూ మారలేదు.

రాత్రి రెండింటికి ఊరడం మొదలైన నీళ్లు తెల్లారి మగ్గం దగ్గరికి వెళ్తేగానీ కనపడవు. ఆ రెండింటికే ఎవరో లేపితే పడుగు మీద పట్టా కప్పుకోవచ్చు, నీళ్లు తోడుకోవచ్చు, కింద పెట్టిన నూలు కట్టలు అటక మీదికి చేర్చుకోవచ్చు. లేపే పని ఒక చిన్న చిప్‌కు అప్పగించవచ్చు. మైక్రోకంట్రోలర్లతో ఆడుకోవడం నేర్చుకోవాలనుకునే ఇంటర్ పిల్లకో, రిటైరైన మాస్టారికో మొదటి పనిగా ఇంతకంటే మంచిది నాకు తోచలేదు. ఈ వారం కథనమంతా ఆ గుంత చుట్టూనే.

మన ఇంట్లోనే ఉంది

మైక్రోకంట్రోలర్ అంటే వేలిగోరంత చిప్‌లో ఇమిడిన పూర్తి కంప్యూటర్. లెక్క చేసే భాగం, గుర్తుపెట్టుకునే భాగం, బయటి తీగలతో మాట్లాడే కాళ్లు అన్నీ అందులోనే. దాని మీద సినిమా ఆడదు, వాట్సాప్ రాదు. ఒక్క పని చెబితే కరెంటు ఉన్నంతసేపూ అదే చేస్తుంది. టీవీ రిమోట్‌లో, వాషింగ్ మెషీన్‌లో, ఇండక్షన్ పొయ్యిలో, ఇన్వర్టర్‌లో ఉన్నది అదే. మిర్చి చేల గట్ల మీద మోటారు పెట్టెలో కూర్చుని, రైతు ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు ఆన్ చేసే మొబైల్ స్టార్టర్‌లోనూ అదే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దాన్ని వాడే రైతులు చాలామంది. తెరిచి చూసినవాళ్లు మాత్రం అరుదు.

ఇవి కొత్తవేం కావు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఎంఎస్ 1000 అనే చిప్ 1974లోనే అమ్మకానికి వచ్చింది. ఇంటెల్ 8051 వచ్చింది 1980లో. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈసీఈ చదివినవాళ్లకు ఆ అంకె వినగానే పరీక్ష హాలు గుర్తొస్తుంది. కానీ అప్పట్లో ఆ చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించాలంటే వేరే పరికరం కావాలి, దాని సాఫ్ట్‌వేర్ కావాలి, వాటి ధర అడిగితే సరదా కాస్తా దిగిపోయేది. ల్యాబులో అరగంట తాకనిచ్చేవారు, మిగతాదంతా రికార్డు రాయడమే.

దారి తెరిచింది ఇటలీలోని ఇవ్రేయా అనే చిన్న పట్నం. ఒలివెట్టి టైపు మిషన్లకు పేరుపడ్డ ఊరది. అక్కడి డిజైన్ విద్యాలయంలో చదివేవాళ్లు బొమ్మలు గీసేవాళ్లు, వస్తువులకు రూపకల్పన చేసేవాళ్లు. ఎలక్ట్రానిక్స్ వాళ్లకు రాదు. వాళ్లకు కూడా అందేలా ఒక బోర్డు ఉండాలని ఎర్నాండో బర్రగాన్ అనే విద్యార్థి 'వైరింగ్' పేరుతో తన పరిశోధన పని చేశాడు. దాన్ని ఆసరా చేసుకుని 2005లో మాసిమో బాంజీ, డేవిడ్ క్వార్తియేయెస్ మొదలైనవాళ్లు ఇంకా చౌకైన బోర్డు తెచ్చారు. వాళ్లు సాయంత్రాలు చేరే బారుకు, వెయ్యేళ్ల కిందట ఆ ఊరినేలిన ఆర్దుయినో రాజు పేరుంది. బోర్డుకూ అదే పేరు పెట్టారు. రాజు పేరు బారుకు, బారు పేరు బోర్డుకు. మనవాళ్లు ఆర్డుయినో అంటున్నారు, అంతటితో సరిపెట్టుకుందాం.

బోర్డు గీతల్ని దాచుకోకుండా అందరికీ వదిలేయడమే వాళ్లు చేసిన పెద్ద పని. అందుకే అచ్చం అలాంటి బోర్డును ఎవరైనా చేసి అమ్మవచ్చు. ఇటలీ సరుకు కావాలంటే రెండు వేలకు పైమాటే. నకలు బోర్డు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది, నేర్చుకోవడానికి అది చాలు. ఆర్డుయినో ఊనో మీద ఉండే ఏటీమెగా 328పీ చిప్‌లో ప్రోగ్రాంకు చోటు 32 కిలోబైట్లు, పని చేస్తూ గుర్తుంచుకోవడానికి 2 కిలోబైట్లు. ఫోన్లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. గుంతకు కాపలా కాయడానికి మాత్రం అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.

కొనేముందు

కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 'ముప్పై ఏడు సెన్సర్ల కిట్' అని పెట్టె వస్తుంది. తెరిచిన రోజు పండగే. వారం తర్వాత అది అల్మారాలో పాత ఛార్జర్ల కిందికి చేరుతుంది. ఏ పనికి ఏది కావాలో తెలియకముందే అన్నీ చేతికొస్తే ఏదీ చేయబుద్ధి కాదు. మన పనికి కావలసినవి ఒక ఊనో బోర్డు, ఒక బ్రెడ్‌బోర్డు, జంపర్ తీగలు కొన్ని, నాలుగు ఎల్‌ఈడీలు, 220 ఓములవీ కిలో ఓమువీ రెసిస్టర్లు గుప్పెడు, ఐదు వోల్టుల బజర్, బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి. వీటికి తోడు రెండు మూడు వందల మల్టీమీటర్ తప్పనిసరి. తీగ లోపల తెగిందో లేదో కళ్లకు తెలియదు, మీటరుకు తెలుస్తుంది.

టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉన్న ఊళ్లో రెసిస్టర్లకూ ట్రాన్సిస్టర్లకూ ఇబ్బంది లేదు. అడిగితే పాత బోర్డుల నుంచి ఊడదీసుకోమని ఊరికే ఇచ్చే పెద్దమనుషులూ ఉంటారు. మిగతావి ఆన్‌లైన్లో వస్తాయి. చూసి కొనాలనే మనిషికి వేటపాలెం మీదుగా పోయే మద్రాసు లైనుంది. చెన్నై మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ ఇలాంటి సరుకుకు పెట్టింది పేరు. హైదరాబాద్ వెళ్లినప్పుడైతే కోఠీలో గుజరాతీ గల్లీ. రెండు చోట్లా బేరం ఆడాలి, రెండు చోట్లా వస్తువు పేరు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

ఇంకో రకం అంగళ్లు కూడా ఉన్నాయి. బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టును తయారుగా పెట్టి, రిపోర్టుతో సహా అమ్మేవి. పరీక్షకుడు ఏమడుగుతాడో కూడా అక్కడే నేర్పి పంపుతారు. అలా డిగ్రీ పట్టుకొచ్చిన ఇంజనీర్లు మనకు కొల్లలు. ఈ సరదా మొదలుపెట్టే తొమ్మిదో తరగతి పిల్లకు వాళ్ల మీద ఒక మేలు ఉంది. ఆమె చేసిన బోర్డు పనిచేయకపోతే ఎందుకు చేయలేదో తేల్చుకునే దాకా నిద్రపట్టదు.

మొదటి సాయంత్రం

ఎల్‌ఈడీ వెలిగించడంతో మొదలుపెట్టడం లోకాచారం. అదేమంత గొప్ప పని కాదు గానీ, దాటవేయకూడదు. ఎందుకంటే అందులోనే ఒక లెక్క ఉంది. బోర్డు కాలి నుంచి వచ్చేది 5 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ అందులో సుమారు 2 వోల్టులు తనకు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టుల్ని ఎవరో ఒకరు భరించాలి, ఆ పని రెసిస్టర్‌ది. 3ను 220తో భాగిస్తే 0.0136, అంటే 13, 14 మిల్లీఆంపియర్లు. దీపం హాయిగా వెలుగుతుంది, చిప్ కాలు హాయిగా ఉంటుంది. రెసిస్టర్ మానేసి నేరుగా కలిపితే ఎల్‌ఈడీ ఒక్కసారి మహా వెలుగు వెలిగి పోవచ్చు, లేదా చిప్ కాలు చచ్చిపోవచ్చు. 220 ఓములను గుర్తుపట్టడానికి దాని మీది పట్టీలు చూడాలి. ఎరుపు, ఎరుపు, గోధుమ.

ఇక ప్రోగ్రాం. ఆర్డుయినోలో రెండు భాగాలు రాయాలి. 'సెటప్' కరెంటు ఇవ్వగానే ఒక్కసారి జరుగుతుంది. 'లూప్' ఆ తర్వాత తిరుగుతూనే ఉంటుంది. లూప్‌లో నాలుగే మాటలు ఉంటాయి. 13వ కాలికి కరెంటు ఇవ్వు, సెకను ఆగు, తీసెయ్, సెకను ఆగు. సి భాషకు దగ్గరి చుట్టమైన భాష ఇది. పదాలు ఇంగ్లీషువే అయినా డజను మించి అవసరం పడవు, సెమీకోలన్ మరిచిపోయినప్పుడల్లా కంప్యూటరే గుర్తుచేస్తుంది.

ప్రోగ్రాం బోర్డులోకి ఎక్కకపోతే తప్పు ప్రోగ్రాంలోనే ఉందనుకుని తల బద్దలు కొట్టుకుంటారు. చాలాసార్లు దొంగ కేబులే. కొన్ని ఫోన్ కేబుళ్లలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, సమాచారం మోసే తీగలు ఉండవు. బోర్డు మీది దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం బోర్డు కనపడదు. ఆ తర్వాతి అనుమానితుడు సీహెచ్ 340. నకలు బోర్డుల్లో యూఎస్‌బీ మాటలు అనువదించే చిప్ అది, దాని డ్రైవర్ కొన్ని కంప్యూటర్లలో విడిగా వేసుకోవాలి. ఈ రెండు గండాలూ గడిస్తే మొదటి సాయంత్రం గెలిచినట్టే.

ప్రోగ్రాంను ఎక్కడినుంచో కాపీ కొట్టవచ్చా? కొట్టవచ్చు. ఇప్పుడైతే ఏఐని అడిగితే రాసిస్తుంది కూడా. నా షరతు ఒక్కటే. తెచ్చుకున్నదాంట్లో ఒక అంకె మార్చండి, ఏం జరుగుతుందో ముందే పలకండి, తర్వాత ఎక్కించి చూడండి. మీరన్నట్టే జరిగితే అది మీది.

అట్టలు చదివే ఊరు

వేటపాలెం, చీరాల పిల్లలకు ప్రోగ్రాం అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదని నా నమ్మకం. జాకార్డు మగ్గం ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల దాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. మగ్గం నెత్తిన పెట్టె, పెట్టెకు వేలాడే చిల్లుల అట్టల దండ. పేక పోగు ఒక్కోటి పడేటప్పుడు ఒక్కో అట్ట ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట సూది అట్టలోకి దూరిపోతుంది, దాని కొక్కెం అలాగే నిలబడి పడుగు పోగును పైకెత్తుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. చిల్లు ఉందా, లేదా, అంతే. అంచు మీది నెమలి, కొంగు మీది హంస ఆ ఉందా లేదాలతోనే తయారవుతాయి.

ఫ్రాన్సులోని లియాన్ పట్నంలో జోసెఫ్ మరీ జాకార్డ్ దీన్ని 1804లో ఒక కొలిక్కి తెచ్చాడు. 1830ల్లో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కల యంత్రం గురించి ఆలోచిస్తూ అంకెల్నీ ఆజ్ఞల్నీ ఎక్కించడానికి ఈ అట్టల్నే ఎంచుకున్నాడు. ఆయన దగ్గర పట్టుతో నేసిన జాకార్డ్ బొమ్మ ఒకటి ఉండేది. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతోనే గబగబా తేల్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కంప్యూటర్లు కార్డులే తిన్నాయి. ఇప్పుడు అట్టలు లేకుండా విద్యుదయస్కాంతాలతో కొక్కేలను ఆడించే ఎలక్ట్రానిక్ జాకార్డులు చేనేత మగ్గాల మీదికీ వచ్చాయి. వాటిలో డిజైన్ ఉండేది మెమరీలో, నడిపేది మైక్రోకంట్రోలర్.

అందుకని 'సెటప్', 'లూప్' అనగానే బెదరక్కర్లేదు. పడుగు ఎక్కించడం ఒక్కసారి, నేత తిరుగుతూనే ఉంటుంది. అట్టలు కుట్టేటప్పుడు ఒక్క చిల్లు తప్పుపడితే ప్రతి నెమలికీ అదే చోట మచ్చ వస్తుంది. ప్రోగ్రాంలో తప్పు కూడా సరిగ్గా అలాగే, ప్రతి తిప్పులోనూ అదే చోట.

గుంతలో రెండు తీగలు

ఇప్పుడు అసలు పని. రాగి తీగలు రెండు తీసుకుని కొసలు అర అంగుళం ఒలిచి, ఒక ప్లాస్టిక్ ముక్కకు అంగుళం ఎడంగా బిగించాలి. ఆ ముక్కను గుంత అడుగుకు రెండంగుళాల పైన, తొక్కుడు కర్రలకు తగలనిచోట కట్టాలి. ఒక తీగ బోర్డు మీది గ్రౌండ్‌కు, రెండోది ఏ0 అనే కాలికి. ఈ కాలు వోల్టేజీని కొలిచి 0 నుంచి 1023 వరకు ఒక అంకె చెబుతుంది. చిప్ లోపల పుల్‌అప్ అనే రెసిస్టర్ ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే తీగలు పొడిగా ఉన్నంతసేపూ అంకె 1023 దగ్గర ఉంటుంది. కొసలు నీళ్లలో మునిగితే నీళ్ల గుండా కొంచెం కరెంటు పారి అంకె పడిపోతుంది. ఎంత పడుతుందన్నది నీళ్ల మీద ఆధారం. వాన నీరైతే తక్కువ, ఉప్పు నీరైతే బాగా ఎక్కువ. పుస్తకంలో ఉన్న అంకె ఇక్కడ పనికిరాదు. మీ గుంతలో ఊరే నీళ్లే గ్లాసులో పట్టి, తీగలు ముంచి, వచ్చిన అంకె రాసుకుని, దానికీ పొడి అంకెకూ నడుమ గీత గీయాలి.

ఇలా చేసి బల్ల మీద గ్లాసుతో చూస్తే మొదటి రోజే బజర్ మోగుతుంది. గుంతలో పెట్టాక కథ వేరు. కొన్నాళ్లకు ఒక తీగ కొస పచ్చబడి, తినేసినట్టు అయిపోతుంది. తడి తీగల మధ్య కరెంటు ఎప్పుడూ ఒకే వైపు పారుతుంటే జరిగేది అదే, విద్యుద్విశ్లేషణ అని టెన్త్ పుస్తకంలో చదివిందే. మట్టిలో తేమ చూసే చౌక సెన్సర్లు ఒక్క సీజను కూడా ఆగకుండా పాడైపోయేదీ ఇందుకే. మందు ప్రోగ్రాంలో ఉంది. నిమిషానికి ఒక్కసారి పుల్‌అప్ ఆన్ చేసి, కొలిచి, వెంటనే ఆ కాలిని సున్నా వోల్టుకు దించేయాలి. మిగతా నిమిషమంతా రెండు తీగలూ సున్నా దగ్గరే ఉంటాయి కాబట్టి కరెంటు పారదు, తీగ అరగదు. ఉత్త ట్రాన్సిస్టర్‌తో చేసే పాతకాలపు నీళ్ల అలారానికి ఈ తెలివి ఉండదు. యాభై రూపాయల అలారం ఉండగా బోర్డు ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఇంకో చిక్కు. మంచుకాలం రాత్రి ప్లాస్టిక్ ముక్క మీద చెమ్మ పేరుకుని అంకె ఒక్కసారి కిందికి జారుతుంది, నడిరేయి బజర్ అకారణంగా కూస్తుంది. రెండుసార్లు అలా కూస్తే మూడోసారి నిజంగా నీళ్లొచ్చినా ఇంట్లో ఎవరూ లేవరు. కాబట్టి వరసగా మూడు కొలతల్లోనూ అంకె గీత కిందే ఉంటేనే మోగాలని రాసుకోవాలి. బజర్‌ను నేరుగా చిప్ కాలికి తగిలించకూడదు. ఆ కాలు భరించగలిగింది మహా అయితే 40 మిల్లీఆంపియర్లు, పద్ధతిగా వాడేది 20. మధ్యలో బీసీ 547 పెట్టి, దాని బేస్‌కు కిలో ఓము రెసిస్టర్ ద్వారా ఆజ్ఞ పంపితే బజర్ బరువు ట్రాన్సిస్టర్ మోస్తుంది.

ఈ తతంగమంతా చూసి ఏ నేత ఇంట్లోనైనా వచ్చే సంభాషణ ఊహించడం కష్టమేం కాదు.

"ఏందమ్మాయ్, గుంతలో కరెంటు తీగలేస్తన్నావా?"

"కరెంటు కాదు తాతా, ఫోను ఛార్జర్లో వచ్చే ఐదు వోల్టులే."

"ఐదైతే ఏంది, యాభై అయితే ఏంది? కాళ్లు అందులో పెట్టేది నేను గదా!"

తాత అనుమానం సబబే. ఐదు వోల్టులు మనిషినేమీ చేయవు. కానీ నాసిరకం ఛార్జర్ లోపల 230 వోల్టులకూ ఐదుకూ మధ్య ఉండాల్సిన అడ్డు తెగితే ఆ 230 తిన్నగా తడి గుంతలోకి దిగుతుంది. అందుకని గుంతలోకి తీగ వెళ్లే పరికరం బ్యాటరీ మీదే నడవాలి, గోడ ప్లగ్గుతో దానికి సంబంధం ఉండకూడదు. పైగా వాన దంచేటప్పుడే కదా కరెంటు పోయేది.

బ్యాటరీ అనగానే అందరి చెయ్యీ 9 వోల్టుల చదరపు బ్యాటరీ మీదికి పోతుంది. అది ఊనోను పూట కూడా సరిగ్గా నడపలేదు. పవర్‌బ్యాంకు పెడదామంటే, బోర్డు తాగే కరెంటు మరీ తక్కువని, ఫోన్ తీసేశారనుకుని చాలా పవర్‌బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. రీఛార్జి అయ్యే ఏఏ సైజు నికెల్ బ్యాటరీలు నాలుగు వరసగా పెడితే 4.8 వోల్టులు. బోర్డు మీది 5 వోల్టుల కాలికి ఇవ్వవచ్చు, అయితే ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. 2000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీలైతే, ఊనో తాగే 50 మిల్లీఆంపియర్లకు సుమారు 40 గంటలు వస్తాయి. తుపాను గండం గడవడానికి సరిపోతుంది. నెలల తరబడి నడవాలంటే ప్రో మినీ అనే చిన్న బోర్డు తీసుకుని, కొలతకూ కొలతకూ మధ్య చిప్‌ను నిద్రపుచ్చడం నేర్చుకోవాలి. అది రెండో వానాకాలానికి.

లక్ష్మి కొడుకు

మన ఇంటి బాధే మంచి గురువన్నదానికి తెలుగు నేలపై అందరికీ తెలిసిన పేరు చింతకింది మల్లేశం. యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట ఆయన ఊరు. బడి మధ్యలోనే మానేశాడు. చిటికీ నేతలో రంగులద్దే ముందు పోగుల్ని అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ పోసే పని ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టాడు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఒక భాగం, లేనప్పుడు ఊరుకోవడం. చివరి కదలిక దగ్గర ఆగిపోయి, హైదరాబాదులో కరెంటు పనులు చేసుకుంటూ ఉండగా బాలానగర్‌లో ఒక యంత్రం తిరిగే తీరు చూసి చిక్కు విప్పుకున్నాడు. 1999లో లక్ష్మీ ఆసుయంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. తర్వాత ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు ముందేసుకుని మైక్రోకంట్రోలర్‌తో దాన్ని నడిపే పద్ధతీ పట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది.

ఇదే చిటికీ పద్ధతిలో నేసే తేలియా రుమాళ్లకు చీరాల పాత పుట్టిల్లు. ఆ విద్య ఇటునుంచే పుట్టపాక, పోచంపల్లి వైపు పాకింది. ఆసు బాధ ఏమిటో మన పెద్దలకూ తెలుసు. మల్లేశం గారి కథలో నన్ను ఆపేది పద్మశ్రీ కాదు, ఆ వరస. బాధ మొదట వచ్చింది, యంత్రం తర్వాత, మైక్రోకంట్రోలర్ అన్నిటికంటే చివర. మన బళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది.

కేంద్రం బళ్లలో పెట్టిస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వస్తున్నాయి, ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు బోర్డులు ముట్టుకుంటున్నారు, సంతోషమే. ఇంకా 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్లో కేంద్రం చెప్పింది. కానీ ఎగ్జిబిషన్ రోజు వెళ్లి చూడండి. స్మార్ట్ చెత్తబుట్ట, అడ్డు కనిపిస్తే తిరిగే బండి, గుడ్డివాళ్ల చేతికర్ర. శ్రీకాకుళంలోనూ ఇవే, చిత్తూరులోనూ ఇవే. వేటపాలెం పిల్లలు చెత్తబుట్ట ఎందుకు చేయాలి? పక్కనే జీడిపప్పు బట్టీలున్నాయి. గాలిలో తేమ ఎక్కితే పప్పు మెత్తబడుతుందని ఆ పని చేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. వంద రూపాయల డీహెచ్‌టీ 11 సెన్సర్ గదిలో తేమ శాతం చెబుతుంది. అది ఐదు శాతం అటూ ఇటూ తప్పుతుంది, పోనివ్వండి. తప్పుతుందని ఆ పిల్లే పట్టుకుంటే ఇంకా మంచిది.

బుటాల చీరదీ ఒక పని ఉంది. బుటాకూ బుటాకూ ఎడం సమంగా రావాలంటే పోగుల లెక్క కావాలి. అచ్చు బిగించిన పలకకు చిన్న అయస్కాంతం, ఎదురుగా చట్రానికి, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే రీడ్ స్విచ్ పెడితే ఒక్కో దెబ్బకు ఒక్కో లెక్క పడాలి. పడదు. ఒక్క దెబ్బకు మూడు, నాలుగు పడతాయి. స్విచ్ లోపలి రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లు టకటకలాడతాయి, చిప్ వేగానికి అవన్నీ వేరువేరు దెబ్బలే. నేతగాడి చేయి ఎంత వాటమైనదైనా సెకనులో ఐదో వంతులో రెండో దెబ్బ వేయలేదు. కాబట్టి ఒక దెబ్బ పడ్డాక 200 మిల్లీసెకన్లు చెవులు మూసుకోమని చిప్‌కు చెబితే లెక్క కుదురుతుంది. ఆ 200 అనే అంకె ఇంజనీరింగ్ పుస్తకంలో దొరకదు, మగ్గం పక్కన నిలబడితే దొరుకుతుంది.

వైఫై కావాలనుకునేవాళ్లకు ఈఎస్‌పీ 32 ఉంది. ధర ఊనో అంతే. గుంత తడిస్తే ఫోన్‌కు కబురు పంపుతుంది. ఒక్కటే జాగ్రత్త, దాని కాళ్లకు 3.3 వోల్టులే, ఐదు ఇస్తే పాడవుతుంది. 230 వోల్టుల మోటార్లనూ దీపాలనూ రిలేతో ఆడించే వీడియోలు చూసి మొదటి ఏడాదే దాని జోలికి పోవద్దు. చేతులు తిరిగాక, పక్కన ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకుని చేయవచ్చు.

చివరగా ఒక ఆశ. ఈ ఊరు 1918లోనే సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టుకుంది. 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేసిన చరిత్ర దానిది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో రైలు దిగి వస్తారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫేయెట్‌విల్ గ్రంథాలయం 2011లోనే పుస్తకాల మధ్య పనిముట్ల గది తెరిచింది. చందాదారులు పుస్తకం తీసుకెళ్లినట్టే అక్కడ యంత్రాల మీద పని చేసుకుంటారు. మన దగ్గర అంత హంగు అక్కర్లేదు. పఠన మందిరానికి దూరంగా, పొగ వాసన తగలని మూల ఒక బల్ల. దాని మీద సాల్డరింగ్ ఐరన్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి, ఊనో బోర్డులు నాలుగు, తాళం వేసుకునే పెట్టె. మొత్తం ఐదారు వేలు దాటదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది తేల్చడానికి మాత్రం ఒక కమిటీ, రెండు సమావేశాలు పడతాయి.